దింపుడు కల్లం దగ్గర వాచీ

పుట్టినప్పుడు చేతికి కట్టిన, గుండె లెక్క చూపే వాచీని శ్మశానం గేటు దగ్గర సున్నా చూపించాకే విప్పాలని రూలు. అందుకే పాడె మీదున్న వీర్రాజు చేతికి ఇంకా వాచీ ఉంది. మోసేవాళ్లు గబగబా నడుస్తుంటే దాని మీద నూట పది వెలిగింది.

“బాబాయ్, నాన్న గుండె కొట్టుకుంటంది!” అని అరిచింది కూతురు హేమలత.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ఆమె తండ్రి చెవిలో మూడుసార్లు పిలిచింది. వాచీలో సున్నా. మళ్లీ ఎత్తుకుని నడవగానే నూట పది.

“అది మన అడుగుల్ని లెక్కెడతందమ్మా,” అన్నాడు బాబాయి.

హేమలత తల ఎత్తలేకపోయింది. మొన్న పార్కులో నడుస్తూ నాన్న గుండె పట్టేస్తోందంటే, వాచీలో ఇదే నూట పది చూసి తనే కసిరింది: “వేషాలెయ్యకు నాన్నా, బానే కొట్టుకుంటంది. ఇంకో రౌండు నడు.”