ఫ్యాను రెక్కల మీద పేరు

మా ఊరి గ్రంథాలయానికి మొదటి దాతను నేను. అయిదుగురు పట్టే టేకు బెంచీ చేయించి ఇచ్చాను. ఆనుకునే చెక్క లేదు గనక కూర్చునే చెక్క మీదే నా పేరు రాయించాను. కూర్చోబోయే వాడెవడైనా ముందు దాన్ని చదివి తీరాలి.

అరవై ఎనిమిదిలో ఊరికి కరెంటు రాగానే మా బావ జగన్నాధం సీలింగు ఫ్యాను ఇచ్చాడు. శ్రీకాకుళం నుంచి పెయింటరును పిలిపించి, మూడు రెక్కల మీదా ఎర్రరంగుతో తన పేరే రాయించాడు.

ప్రారంభం నాడు వచ్చినవాళ్ళంతా తలలెత్తి ఆ పేరే చదివారు. నా బెంచీ వంక చూసినవాడు లేడు. నాకు కడుపు మండిపోయింది.

“అప్పుడే స్విచ్చి ఎయ్యకండి. అందర్నీ ఓపాలి సూడనివ్వండి,” అన్నాడు బావ.

“ఫేనిచ్చావు, గాలివ్వవేటి బావా?” అంటూ నేనే వెళ్ళి స్విచ్చి వేశాను.

ఫ్యాను తిరిగింది. అక్షరాలన్నీ కలిసిపోయి ఎర్రటి చక్రం ఒక్కటే మిగిలింది. బావ మొహం మాడిపోయింది. నా ప్రాణం కుదుటపడింది.

“గాలి సల్లగా ఉన్నాది,” అంటూ జనం ఫ్యాను కిందికి చేరారు. అక్కడున్నది నా బెంచీయే.

సాయంత్రం తలుపులు మూసేదాకా నా పేరు మీంచి ఒక్కడూ లేవలేదు.