కుదురుగా ఉన్న చెయ్యి

అక్కా, నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులుంటే సర్దుకుని చదువు.

వణుకుడు జబ్బు వచ్చాక నాన్న చెయ్యి నిద్రలోనే కుదురుగా ఉండేది. "కునుకు పడితేనే దీనికి సెలవు" అని నవ్వేవాడు.

ఆ మధ్యాహ్నం చెయ్యి ఆగింది. పక్కనే కూర్చుని మా ఆయన చొక్కాకి గుండీలు కుడుతున్నాను. నువ్వు ఫోన్ చేశావు.

"నాన్నకివ్వవే."

"పడుకున్నాడక్కా, సాయంత్రం మాట్లాడుదువుగాని."

ఐదో గుండీ అయ్యాక దుప్పటి సర్దబోతే ఆ చెయ్యి చల్లగా తగిలింది.

నువ్వు ఫోన్ చేసేసరికే పోయాడని నీతో చెప్పాను. అది అబద్ధం. ఫోన్ పెట్టేయగానే కళ్ళు తెరిచి, "పెద్దదేనా?" అన్నాడు. మళ్ళీ వణుకు మొదలవుతుందని, "కాదు నాన్నా, పడుకో" అన్నాను.

ఏడుపు రావడం లేదు. అమ్మ నీ దగ్గరే ఉందిగా, తను చూడకముందే ఈ ఉత్తరం కాల్చెయ్.