గోడ మీద అత్తగారు

లైబ్రరీ గోడ మీద నేను వేసిన బొమ్మకు తెర తొలగించగానే మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మనిషినీ మనిషి తెలివినీ నెత్తిన పెట్టుకున్న, ఐదారు వందల ఏళ్ల కిందటి యూరప్ రినైసాన్స్ పండితులను వెయ్యమని లైబ్రేరియన్ నాకు పని అప్పగించాడు. వేశాను. అందరూ గడ్డాలవాళ్లే. మనుషుల గొప్పతనం చాటే గోడ మీద ఒక్క ఆడమనిషీ లేకపోవడం నాకు మింగుడు పడలేదు. అందుకే వాళ్ల నడుమ, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వేలు ఆడిస్తూ ఏదో చెబుతున్న అత్తగారిని వేసేశాను. ఆవిడతో మాటమాత్రం అనలేదు.

"ఎవరమ్మా ఈవిడ? ఏ దేశపు పండితురాలు?" అన్నాడు లైబ్రేరియన్, కనుబొమలు ముడిచి.

ఆయన చెరిపెయ్యమంటాడో, ఈవిడ అలిగి వెళ్లిపోతుందో!

అత్తగారు గడ్డాలవాళ్లను ఒక్కొక్కరినే తేరిపార చూసి, పగలబడి నవ్వింది.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఇంట్లో నా మాట వినే నాథుడే లేడు. ఇక్కడ ఇంతమంది నోళ్లు వెళ్లబెట్టి వింటున్నారే!"

లైబ్రేరియన్ ఆవిడనీ గోడనీ మార్చి మార్చి చూశాడు. నవ్వాపుకోలేకపోయాడు. హాలంతా గొల్లుమంది.

"ఇంతకీ వాళ్లకేం చెప్తున్నానే?"

"ఏమో అత్తయ్యా, అది మీరే చెప్పాలి."

మర్నాడు లైబ్రరీ తలుపులు తీసేసరికి అత్తగారు మెట్ల మీద కూర్చుని ఉంది.

"వీళ్లు రాసినవన్నీ బయటికి తియ్యి నాయనా," అంది లైబ్రేరియన్‌తో. "చదవకుండా వాళ్లతో ఏమని వాదించను?"