మూడు పిడికిళ్ల మట్టి

రాధిక సీసా మూత తీసి బుడన్‌సాబ్ ముందు పెట్టింది. లోపల బూడిదరంగు బురద.

"మన్నార్ సింధుశాఖ అడుగు మట్టి, చిన్నాయనా. ఆఖరుసారి జమీర్ తీసింది. నీ దగ్గరుంటే బాగుంటాదని, మేమిద్దరం పనిచేసిన ల్యాబులో అడిగి తెచ్చినా."

జమీర్ ఆ మట్టి తీసిన మర్నాడే పరిశోధన పడవ గాలివానకు తిరగబడింది. అతని శవం దొరకలేదు. అప్పటినుంచి బుడన్‌సాబ్ ఎవరైనా పెడితే తింటున్నాడు, పెట్టకపోతే లేదు.

ఆయన బురదను వేలితో తాకాడు. "నా కొడుకు పండుకోనుండేది ఈ మట్టిలోనేనా?"

రాధిక తలూపింది.

ఆయన మూత బిగించి సీసాను ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇది నా దగ్గర ఉండకూడదమ్మా. వాని మీద ఉండాల్సింది."

పెరట్లోకి వెళ్లి, టవల్లో ఎర్రమట్టి మూటగట్టి తెచ్చాడు.

"గోరీలో దించినాక తండ్రి మూడు పిడికిళ్లు మట్టియ్యాల. నేనింకా ఇయ్యలేదు. మళ్లా సముద్రానికి పోయినప్పుడు రెండూ ఆడ వెయ్యి."

బయటి మట్టి రేణువు కూడా నమూనాల దగ్గరికి రానివ్వని రాధిక, ఆ మూటను సీసా పక్కనే సంచిలో సర్దుకుంది.

బుడన్‌సాబ్ తొట్టి దగ్గర చేతులు కడుక్కొని వచ్చాడు.

"తినిపోదువు కూర్చో. నాకూ పెట్టమంటా."