పట్టీ తెగిన సంచీ

సంచీ పట్టీ మళ్ళీ ఊడింది.

"నాలుగోసారి!" అంటూ బల్లమీద పెట్టింది నెరిసిన జుట్టావిడ.

దర్జీ ఆవిడకు ఒళ్ళు మండింది. బట్ట చిరగాలిగానీ తన కుట్టు ఊడదు.

"ఇందులో కొండలేమైనా మోస్తున్నారా అమ్మగారూ?"

"గాలి తప్ప ఏమీ లేదమ్మాయ్. అది సరేగానీ, ఆ సుద్దముక్క బట్టకా, పొట్టకా?"

దర్జీ గబుక్కున పెదవి తుడుచుకుంది. గీతలు గీసే సుద్ద కొరకడం ఈమధ్యే మొదలైంది. ఎందుకో తెలీదు, నాలుక అడుగుతోంది.

"నెలసరి ఎన్ని రోజులుంటోంది?"

"చొక్కాకి ఎన్ని రోజులో అడగండి, చెప్తా."

"ఎప్పుడూ నల్లబట్టలే కడతావు. కుర్చీమీద నల్లగుడ్డ, దానిమీద ఇంకో గుడ్డ. నాకు కళ్ళున్నాయి."

మిషను ఆగింది.

"పదిరోజులు," అంది దర్జీ, సూదితో చెబుతున్నట్టు. "డాక్టరంటే నాకు పడదు. మా పెద్దమ్మకి ఇలాగే అయితే కోసి గర్భసంచి తీసేశారు."

"పట్టీ ఊడితే నువ్వు సంచీ పారేస్తున్నావా? పెద్దాసుపత్రిలో పదకొండో గదికి వెళ్ళు. హార్మోన్ లూప్ అని ఉంది, గర్భసంచిలో పెడతారు. అరవేలెడంత. కోతలుండవు."

"మీరు కొయ్యకండి కోతలు! ఇకమీదట మీ సంచీ ఇంకోచోట కుట్టించుకోండి."

ఆవిడ నవ్వింది. "వచ్చేవారం తీసుకుంటాలే," అని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

రెండువారాల తర్వాత ఓ మధ్యాహ్నం మిషను చప్పుడు వానచప్పుడైంది. కుడుతున్న తెల్లబట్ట మబ్బైంది. దర్జీ ఆ మబ్బుమీద మెల్లగా తల వాల్చింది.

"వదినా!" అన్న ఆడపడుచు కేక ఏటి అవతలినుంచి వచ్చినట్టుంది.

ఆడపడుచు పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. పదకొండో గదిలో చిన్న డాక్టరమ్మ రక్తపరీక్ష, స్కానింగూ చూసింది.

"ఉండాల్సిన రక్తంలో సగమే ఉంది. సుద్ద తినాలనిపించేది అందుకే."

"కోస్తారా?"

"కత్తెర మీ దగ్గరే ఉంచుకోండి. ఈ లూప్ లోపల కూర్చుని కొద్దికొద్దిగా మందు వదులుతుంది. రక్తం తగ్గుతుంది. గర్భం కూడా రాదు. కావాలంటే ఎప్పుడైనా తీసేయొచ్చు. మొదట్లో కొన్ని నెలలు మరకలుంటాయి, కంగారుపడకండి."

మూడు నెలలు మరకలే. దర్జీ డాక్టరమ్మను తిట్టుకుంటూనే ఐరన్ మాత్రలు మింగింది.

ఆరో నెలకి రెండు చుక్కలు, అంతే.

సుద్ద బట్టకే అరుగుతోంది. కుర్చీమీది నల్లగుడ్డలు పోయాయి. దర్జీ తనకోసం తెల్లబట్టలు కుట్టుకుంది. అవి కట్టుకుని కూర్చుంటే మిషను తొక్కుతున్నట్టు లేదు, పడవ మీద పోతున్నట్టుంది.

ఓరోజు కొక్కేనికున్న సంచీ తీసింది. కుట్టి ఇచ్చి, క్షమించమందామని.

చేయి ఆగింది.

ఊడిన దారానికి పీచు లేస్తుంది. ఈ కొసలు నున్నగా ఉన్నాయి. తన కుట్టు ఊడలేదు, ఎవరో కోశారు.

పట్టీ కుట్టి, అదే సంచీ భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

చిన్న డాక్టరమ్మ లేచి నిలబడింది. "మా మేడం సంచీ! మీ దగ్గరికెలా వచ్చింది?"

"మేడం ఎవరు? ఎక్కడుంటారు?"

"ఆర్నెల్లు మంచాన ఉండి, పోయిన నెలే పోయారు."

దర్జీ పట్టీని గట్టిగా పట్టుకుంది.

చిన్న డాక్టరమ్మ తను లేచిన కుర్చీకేసి చూసింది.

"రిటైరయ్యేదాకా ఈ కుర్చీ ఆవిడదే. ఆ చివరి నెలంతా వారానికోసారి ఇక్కడే తన సంచీ పట్టీ తనే కత్తెరతో కోసుకుని బయల్దేరేవారు, ఎక్కడికో మాకెవరికీ చెప్పలేదు."