సున్నా కూడా జవాబే

మావయ్య కుర్చీ తిప్పి చూసేసరికి గదిలో మేనకోడలు లేదు.

పాపం, ఆయన లోకం ఆయనది. సమీకరణాలు, అసమీకరణాలు సాధించిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దొచ్చు, జీతం మాత్రం అడక్కూడదు. రెండు వైపులా x కనిపిస్తే చాలు, అది టక్కున కొట్టేసేది. x సున్నా అయినా సరిపోతుందేమో అన్న ధ్యాసే ఉండేది కాదు దానికి. అలా బోలెడు జవాబులు గల్లంతు! మావయ్య నానా తంటాలూ పడి ఆ జబ్బు కుదిర్చి, దిద్దుబాటు ఇప్పుడే పంపించాడు.

ఇందాక చిట్టి "దాగుడుమూతలు ఆడదాం మావయ్యా" అంటే, తెర మీంచి చూపు తిప్పకుండా "ఊఁ, ఊఁ" అన్నట్టు గుర్తు.

"చిట్టీ!" అని కేకేశాడు.

మావయ్య వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చింది. "పిల్లేదిరా?"

"దాక్కుంది. కంగారు పడకు. ఇల్లంతా భాగాలు చేసి, అంచులతో సహా చూస్తే దొరక్క ఏం చేస్తుంది?"

"అంచులేమిటి?"

"గుమ్మాలు. గుమ్మం ఈ గదిలోకొస్తుందా, ఆ గదిలోకొస్తుందా? అసమీకరణాల్లో తప్పులన్నీ అక్కడే దొర్లుతాయమ్మా."

"నీ చదువు చట్టుబండలు గానూ! గుమ్మం మీద ఎవరు దాక్కుంటార్రా?"

మంచాల కింద చూశాడు. బీరువా వెతికాడు. వాషింగ్ మెషీన్‌లో తల పెట్టి "చిట్టీ!" అన్నాడు. ఆఖరికి టీ డబ్బా మూత కూడా తీశాడు. దేన్నీ చూడకుండా వదలకూడదుగా మరి!

"నీ గది చూశావా?" అంది వాళ్ళమ్మ.

"నేనున్నది అక్కడేగా! అది ముందే కొట్టేశాను."

వీధిలోకి పరిగెత్తాడు. గొంతు పోయేలా అరిచాడు. పక్కింటాయన చూడలేదన్నాడు. పిల్లకేమైనా అయితే? అంతలో సందు మలుపులో, చిట్టిని తనకప్పగించి వెళ్ళిన అక్క స్కూటర్ చప్పుడు వినిపించింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. పోలీసులకి ఫోన్ చేద్దామని గదిలోకి దూరి, తలుపు ధడాల్న వేశాడు.

తలుపు వెనక గోడకి ముక్కు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది చిట్టి.

"నువ్వలా అరిచినప్పుడల్లా లెక్క తప్పి మళ్ళీ ఒకట్నుంచి మొదలుపెడుతున్నా మావయ్యా," అంది కళ్ళు తెరవకుండానే, "ఇంకా దాక్కోలేదా నువ్వు?"