వాగు మీది దుంగ

వాగుకు అడ్డంగా పడి ఉన్న దుంగ దగ్గర ముళ్ళపంది కాపలా ఉండేది. అవతలి అడవి నుంచి అడవికుక్కలు ఆ దుంగ మీదుగానే వచ్చి జింకపిల్లల్ని ఎత్తుకుపోయేవి. వాటితో కొట్లాడీ కొట్లాడీ ముళ్ళపంది వీపు మీద ముళ్ళు సగం ఊడిపోయాయి.

"ఈ దుంగను వాగులోకి తోయించండి మహారాజా," అని పులిని వేడుకుంది.

"తోయిస్తే అవతల మన మాట ఎలా చెల్లుతుంది? అక్కడి చిరుతను అదుపులో పెట్టాలనేగా అడవికుక్కల్ని మేపుతున్నాం! మన నక్క రోజూ వాటికి మాంసం మోసుకెళ్ళేది దీని మీదే కదా!" అంది పులి.

ముళ్ళపంది తిరిగి దుంగ దగ్గరికి వెళ్ళి కాపలా కూర్చుంది.

సాయంత్రం నక్క మాంసం పట్టుకొని వచ్చింది. ముళ్ళపంది పక్కకు జరిగి దారిచ్చింది.

"వాటిని కాస్త నిదానంగా తినమను నక్కబావా. అవి తింటున్నంతసేపే నాకు కునుకు."